పాలకేంద్రం లెక్కలు, సామాన్యుడి ప్రోగ్రామింగ్

ఈ వారం మా చదువు బృందం పెట్టుకున్న వ్యాసాంశం ఇది: "కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరూ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా?" నలుగురం రాశాం. నలుగురి మొదటి పేరా దాదాపు ఒకటే. జాతీయ విద్యా విధానం 2020, ఆరో తరగతి నుంచి కోడింగ్, నాలుగో పారిశ్రామిక విప్లవం. ముగింపులో డిజిటల్ ఇండియా. మార్కులు పడతాయేమో గానీ, నా చిత్తుప్రతి నేనే రెండోసారి చదవలేకపోయాను.

కారణం ఉంది. ఈ ప్రశ్న మా ఇంట్లో నిజంగానే వచ్చింది. యాభై రెండేళ్ల మా నాయన ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. అందులో ఒక తప్పు జరిగింది. ఆ తప్పులో బీటెక్ చదివిన నా వాటా ఎక్కువ. అందుకే ఆ వ్యాసం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. జీఎస్ 3కి, జీఎస్ 4కి పనికొచ్చే విషయాలు దారిలో వస్తాయి.

నాయనకు ఎందుకు అవసరమైంది

మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. మా వైపు ఆవులు ఎక్కువ. ఊళ్లో పాలు పోసే ఇళ్లు 110. నాయన ఒక ప్రైవేటు డెయిరీకి పాలకేంద్రం నడుపుతాడు. పొద్దున, సాయంత్రం ప్రతి ఇంటి పాలు కొలవాలి, మిషన్‌లో పెట్టి వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ చూడాలి. వెన్న శాతాన్ని మా ఊళ్లో అందరూ ఫ్యాట్ అనే అంటారు. ఫ్యాట్‌కు తగ్గ ధర కంపెనీ ఇచ్చిన చార్టులో చూసి, ఎస్‌ఎన్‌ఎఫ్ తక్కువైతే కోత వేసి, లీటర్లతో గుణించాలి. పదిహేను రోజులకొకసారి బిల్లు.

లెక్క కట్టి చూడండి. 110 ఇళ్లు, రెండు పూటలు, పదిహేను రోజులు: 3,300 గుణకారాలు. బిల్లుకు ముందు రెండు రాత్రులు మా ఇంట్లో నిద్ర ఉండేది కాదు. నాయన చార్టు చూసి ధర చెప్తే, అమ్మ క్యాలిక్యులేటర్ నొక్కేది, అక్క రాసేది. అక్కకు పెళ్లయి వెళ్లిపోయాక ఆ చోట నేను కూర్చున్నాను. నేను ఇంజినీరింగ్‌కి వెళ్లాక ఇద్దరే మిగిలారు. తప్పులు పెరిగాయి. ఎక్కువ ఇచ్చిన డబ్బు తిరిగి రాదు, తక్కువ ఇచ్చిన డబ్బు గొడవై తిరిగి వస్తుంది. బిల్లు బిల్లుకూ వెయ్యో రెండు వేలో చేతి నుంచి పడేది.

అప్పుడు నేను సెలవులకు వచ్చి చెప్పిన సలహా: "ఏదన్నా సాఫ్ట్‌వేర్ కొనుక్కో నాయనా." కొనడానికి డబ్బు లేదు. పైగా కంపెనీ చార్టు మారినప్పుడల్లా ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాడి కోసం ఎదురుచూడాలి. నాయనకు కావలసింది తన చార్టు, తన కోతల పద్ధతి, తన ఊరి వరస. అది బజార్లో దొరికేది కాదు.

మామూలు మనుషులు ప్రోగ్రామింగ్ వైపు వెళ్లడానికి నేను చూసిన కారణాలు ఇవే. చేసిన పనే వందసార్లు చేయాల్సి రావడం, ఆ పని చేసి పెట్టడానికి ఇంకొకరి మీద ఆధారపడలేకపోవడం. ఉద్యోగం కోసం నేర్చుకునేవాడు భాషతో మొదలుపెడతాడు. నాయన లాంటివాడు నొప్పితో మొదలుపెడతాడు.

ఎలా నేర్చుకున్నాడు

నేను కాలేజీలో వాడి వదిలేసిన లాప్‌టాప్ ఇంట్లో ఉంది. నాయన దాన్ని పాలకేంద్రానికి మార్చాడు. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు చూశాడు. మండలంలో నెట్ సెంటర్ నడిపే కుర్రాడి దగ్గర కూర్చున్నాడు. ఒక పాత పాల పుస్తకం వెనక పేజీల్లో ఫార్ములాలు తెలుగులో రాసుకున్నాడు: "ఈక్వల్ టు, విలుకప్, బ్రాకెట్, ఫ్యాటు గడి, కామా..." గడి పేరు ముందు డాలర్ గుర్తు ఎందుకు పెట్టాలో తెలియక వారం రోజులు ఇబ్బంది పడ్డాడు. ఫార్ములాను కిందికి లాగితే పట్టిక కూడా కిందికి జారిపోయేది. డాలర్ పెడితే అది మేకు కొట్టినట్టు ఉండిపోతుందని తెలిసిన రోజు నాకు ఫోన్ చేసి పావుగంట చెప్పాడు.

అప్పటికి నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉన్నాను. ఆ పావుగంటలో నేను సగం విన్నాను.

నా ప్రోగ్రామింగ్ చదువు దీనికి పూర్తిగా తలకిందులు. మొదటి ఏడాది సి లాంగ్వేజ్. ఫ్యాక్టోరియల్, ఫిబొనాచీ, ప్రధాన సంఖ్యలు. ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ నాలుగేళ్లలో నాకు అవసరమై నేను రాసుకున్న ప్రోగ్రాం ఒక్కటి లేదు.

ఫార్ములా కూడా ప్రోగ్రామే

నాయన చేసింది ప్రోగ్రామింగేనా అని మా బృందంలో ఒక మిత్రుడు అడిగాడు. చరిత్ర చూస్తే అవుననే తేలుతుంది.

1964 మే 1 తెల్లవారుజామున అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో బేసిక్ భాషలో మొదటి ప్రోగ్రాం నడిచింది. దాన్ని తయారు చేసిన జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ గణితం చెప్పేవాళ్లు. వాళ్ల ఉద్దేశం గణితం వాళ్లకు ఇంకో భాష ఇవ్వడం కాదు. సాహిత్యం, చరిత్ర చదివే విద్యార్థి కూడా కంప్యూటర్ ముందు కూర్చుని తన ప్రశ్న తనే అడగాలని. అప్పటిదాకా పంచ్ కార్డులు కట్టగట్టి ఆపరేటర్ చేతికిచ్చి ఫలితం కోసం ఎదురుచూడటమే పద్ధతి. 1967లో సేమూర్ పాపర్ట్, ఆయన సహచరులు లోగో భాషతో పిల్లలకు అదే దారి తెరిచారు.

కానీ ఆఫీసుల్లో, దుకాణాల్లో ఉండే మనిషిని ప్రోగ్రామర్‌ని చేసింది వేరొకటి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కు ఒక ఆలోచన వచ్చింది. బోర్డు మీద ఒక అంకె మారిస్తే మిగతావన్నీ చెరిపి మళ్లీ రాయాల్సిన అవసరం లేకుండా, వాటంతట అవే మారితే ఎలా ఉంటుంది? బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆయన తెచ్చిన విసికాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటర్‌కు వచ్చింది. స్ప్రెడ్‌షీట్ల కుటుంబానికి అది పెద్దకొడుకు. ఆ తర్వాత లోటస్ 1-2-3, ఎక్సెల్. "ఈ గడి విలువ ఆ గడి మీద ఆధారపడుతుంది, ఫలానా షరతు నెరవేరితే ఇది, లేకపోతే అది" అని చెప్పడమే ప్రోగ్రాం. ఆ పని చేస్తున్నవాడు తనను ప్రోగ్రామర్ అనుకోడు, అంతే తేడా.

మనకు పరీక్షలో పనికొచ్చే విషయం ఒకటి ఇక్కడుంది. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 4.4.1 సూచిక యువత, వయోజనుల కంప్యూటర్ నైపుణ్యాలను కొలుస్తుంది. దాని జాబితాలో "స్ప్రెడ్‌షీట్‌లో లెక్కల ఫార్ములా వాడటం" ఒక నైపుణ్యం, "ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాం రాయడం" వేరే నైపుణ్యం. ఆ లెక్కలో నాయన మొదటి గడిలో ఉంటాడు, నేను రెండో గడిలో ఉంటాను. మా ఇద్దరిలో ఎవరి ప్రోగ్రాం మీద 110 ఇళ్ల పాల డబ్బు ఆధారపడి ఉంది?

మన పథకాలు కూడా ఈ తేడాతోనే నడిచాయి. గ్రామీణ కుటుంబాల కోసం 2017 నుంచి 2024 వరకు నడిచిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్‌ది 20 గంటల శిక్షణ. పరికరం వాడటం, ఇంటర్నెట్ చూడటం, డిజిటల్ చెల్లింపులు, ప్రభుత్వ సేవలు పొందడం అందులో ముఖ్యం. అది అవసరమే. కోడింగ్ మాత్రం బడి పిల్లల వంతు. నాయన వయసువాడు యంత్రం చేత సొంత లెక్క చేయించుకోవాలంటే ఏ పథకంలోనూ చోటు లేదు. యూట్యూబ్, నెట్ సెంటర్ కుర్రాడు, ఫోన్‌లో కొడుకు. ఆ మూడింట్లో బలహీనమైనది కొడుకే అయ్యాడు.

ఫోన్‌లో నేను చెప్పిన ఒక్క మాట

జనవరి చివర్లో ఒక రాత్రి నాయన ఫోన్ చేశాడు. మరునాడు నాకు టెస్ట్ సిరీస్‌లో పరీక్ష.

"రే, పట్టికలో 3.3 ఉంది. నేను కొట్టింది కూడా 3.3. అయినా ఎన్‌/ఎ అంటా ఉంది. 3.1కి, 3.2కి బాగానే వస్తా ఉంది."

"ఫార్ములా చివర ఫాల్స్ అని ఉందా? అది తీసేసి ట్రూ పెట్టు నాయనా, వచ్చేస్తుంది."

పెట్టాడు. వచ్చేసింది. "చదువుకున్నోడు చదువుకున్నోడే" అని ఫోన్ పెట్టేశాడు.

విలుకప్ చేసే పని ఏమిటంటే, మనం ఇచ్చిన అంకెను పట్టికలో వెతికి దాని పక్కనున్న ధర తేవడం. చివర ఫాల్స్ పెడితే "సరిగ్గా అదే అంకె దొరికితేనే చెప్పు" అని అర్థం. ట్రూ పెడితే "అదే దొరక్కపోతే, దానికంటే చిన్నవాటిలో పెద్దది చూసి చెప్పు" అని. అంటే యంత్రం ఆ రాత్రి "ఇక్కడేదో తేడా ఉంది" అని స్పష్టంగా చెప్పింది. తేడా ఏమిటని అడగకుండా దాని నోరు మూయించే మాట నేను చెప్పాను.

కొత్త పద్ధతిలో నడపబోయే ముందు నాయన తనకు తెలిసినంతలో పరీక్షించుకున్నాడు. పట్టికలో మొదటిది 3.0, పై వైపున 4.5 కొట్టి చార్టుతో సరిపోల్చాడు. రెండూ సరిపోయాయి. ఫిబ్రవరి మొదటి బిల్లు నుంచి చేతి లెక్క ఆపేశాడు. ఆ నెల నుంచి తరుగు పోయింది. పైగా బిల్లుకు రెండు వేల పైన మిగలడం మొదలైంది. "ఇన్నేళ్లూ చేతి లెక్కలో ఎంత పోగొట్టుకున్నామో చూడు" అని అమ్మతో అన్నాడట. ఆ మిగులులోంచే నా రెండు నెలల హాస్టల్ అద్దె, టెస్ట్ సిరీస్ ఫీజు వచ్చాయి. అది నాకు తర్వాత తెలిసింది.

అత్త తెచ్చిన పాత పుస్తకం

ప్రిలిమ్స్ రాసి ఇంటికొచ్చాను. కీ చూసుకుంటే ఈసారి కూడా పోయినట్టే. బయటికి వెళ్లబుద్ధి కాక పాలకేంద్రంలో కూర్చునేవాణ్ణి. ఒక సాయంత్రం మా వీధి అత్త వచ్చింది. భర్త లేడు, ఒకే ఆవు, రోజుకు నాలుగు లీటర్లు పోస్తుంది. చేతిలో రెండు పాల పుస్తకాలు.

"అల్లుడా, నువ్వు ఇంజినీరువి కదా, ఇది చూడు. సంక్రాంతప్పుడు 3.8కి 35 రూపాయల 40 పైసలు వేసినాడు మీ నాయన. ఇప్పుడు అదే 3.8కి 35 రూపాయల 10 పైసలు. కంపెనీ చార్టు మారలేదంటాడు. కంప్యూటర్ తప్పు చెప్పదంటాడు. మా ఆవు పాలకే ఏమొచ్చిందో అని ఒక మూట చెక్క కూడా కొని పెట్టినాను."

నాయన పక్కనే ఉన్నాడు. "మావాడే సరిచేసినాడమ్మా దాన్ని" అన్నాడు, కొంచెం గర్వంగానే.

ఫార్ములా చూశాను. తప్పు లేదు. పట్టికలో 3.8 ఉంది, దాని పక్కన 35.40 ఉంది. 3.8 కొడితే మాత్రం 35.10 వస్తోంది. అది 3.7 ధర. దశాంశ స్థానాలు పెంచి చూశాను, పట్టికలో 3.8 తర్వాత అన్నీ సున్నాలే. ఆ గడి 3.8కి సమానమా అని అడిగితే సమానమే అంది. విసిగిపోయి పట్టికలోని ఆ గడిలో చేత్తో 3.8 అని టైపు చేశాను. వెంటనే 35.40 వచ్చింది.

అప్పుడు ఒళ్లు జలదరించింది. నాయన ఆ పట్టికను టైపు చేయలేదు. 3.0 రాసి, కింది గడిలో "పైదానికి 0.1 కలుపు" అని పెట్టి కిందికి లాగాడు. అతని మొదటి సొంత ఉపాయం అది. పాత పట్టిక తిరిగి తెచ్చి, ఆ గడిలోంచి 3.8ని తీసివేసి, మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టి చూశాను. సున్నా రాలేదు. దశాంశ బిందువు తర్వాత 15 సున్నాలు, ఆ తర్వాత 888.

అంత చిన్న తేడా వల్ల పట్టికలోని 3.8 అసలు 3.8 కంటే వెంట్రుకవాసి పెద్దది. వెతికేటప్పుడు "ఇది పెద్దది, కాబట్టి దీని కిందిది తీసుకో" అని యంత్రం 3.7కి వెళ్లిపోయింది. ఒక్కొక్క అంకె కొట్టి చూశాను. 3.2 వరకు సరిగ్గా ఉంది. 3.3 నుంచి 4.1 వరకు అన్నీ ఒక మెట్టు కిందికి. 4.2 నుంచి మళ్లీ సరిగ్గా ఉంది. నాయన పరీక్షించిన రెండు చివరలూ సరైనవే. మా ఊరి ఆవుల పాలలో ఎక్కువ భాగం ఉండేది మధ్యలోనే.

"0.1ని ద్విసంఖ్యామానంలో కచ్చితంగా రాయలేం, కారణం వివరించండి." మొదటి ఏడాది మిడ్ పరీక్షలో వచ్చిన రెండు మార్కుల ప్రశ్న. నేను రాశాను. రెండు మార్కులు వచ్చాయి.

అణాల లెక్క

ఆ రాత్రి నాయనకు ఎలా చెప్పాలో తెలియలేదు. మాంటిస్సా, ఎక్స్‌పొనెంట్ అంటే లాభం లేదు. చివరికి మా తాత చెప్పే అణాల కబుర్లు గుర్తొచ్చాయి.

రూపాయికి పదహారు అణాలు. రూపాయిలో సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా. అన్నీ సగాలే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి రూపాయి వంద భాగాలైంది. అణాకు ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసా నాణెం లేదు. అందుకే మార్పిడిలో అణాకు 6 పైసలు, మూడణాలకు 19 పైసలు అని సర్దారు. ఒకచోట కొంచెం తగ్గుతుంది, ఇంకోచోట కొంచెం పెరుగుతుంది.

"కంప్యూటర్ ఇంకా అణాల కాలంలోనే ఉంది నాయనా. దానికి సగం, పావు, బేడ, అణా, అందులో సగం, ఇలాగే తెలుసు. పదో వంతు అడిగితే ఎన్ని సగాలు కలిపినా సరిగ్గా కుదరదు. దగ్గరగా ఉన్నది పెట్టుకుంటుంది. నువ్వు 3.8 అని నేరుగా కొడితే ఒక్కసారి సర్దుతుంది. 3 నుంచి ఎనిమిదిసార్లు 0.1 కలిపితే ఎనిమిదిసార్లు సర్దుతుంది. ఈ రెండూ ఒకటి కాకపోవచ్చు."

నాయనకు వెంటనే అర్థమైంది. అతను అడిగిన ప్రశ్న నా సి లాంగ్వేజ్ సిలబస్‌లో లేదు: "సర్దిన ప్రతిసారీ ఎవరికి తగ్గింది?"

ఇది ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్ లోపం కాదని కూడా చెప్పాలి. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 అనే ప్రమాణం ప్రకారం దాదాపు అన్ని కంప్యూటర్లూ దశాంశాలను ఇలాగే దాచుకుంటాయి. మందు చిన్నదే. కలిపిన ప్రతిసారీ రౌండ్ అనే ఫార్ములాతో ఒక దశాంశానికి సవరించుకోవాలి. లేదా ఫ్యాట్‌ను 3.8 అని కాక 38 అని పూర్ణసంఖ్యగా రాసుకోవాలి. పూర్ణసంఖ్యల దగ్గర ఈ చిక్కు లేదు.

ఇలాంటి తప్పులు పెద్దచోట్ల కూడా

నాయన చదువుకోనివాడు కాబట్టి ఇలా జరిగిందని ఎవరైనా అంటే, రెండు ఉదాహరణలు చెప్పాలి. మెయిన్స్‌లో కూడా పనికొస్తాయి.

2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ అనే ప్రసిద్ధ ఆర్థికవేత్తలు ఒక పత్రం రాశారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో ఉంది. యూరప్‌లో పొదుపు విధానాల చర్చలో ఆ పత్రాన్ని చాలామంది చూపించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ క్లాసు పనిలో భాగంగా ఆ ఫలితాన్ని తిరిగి రాబట్టాలని చూస్తే రాలేదు. రచయితలనే అడిగితే వాళ్లు తమ ఎక్సెల్ ఫైలు ఇచ్చారు. సగటు తీసే ఫార్ములా ఐదు వరసల ముందే ఆగిపోయింది; ఐదు దేశాలు లెక్కలోకి రాలేదు. దీనితో పాటు సమాచారం ఎంపికలో, దేశాలకు ఇచ్చిన ప్రాధాన్యంలో ఉన్న సమస్యలనూ సరిచేస్తే సగటు వృద్ధి 2.2 శాతం అని హెర్న్‌డన్, ఆయన అధ్యాపకులు తేల్చారు. ఫార్ములా తప్పు మొత్తం తేడాలో చిన్న భాగమే, కానీ మూడేళ్లపాటు ఎవరూ దాన్ని చూడలేదు.

రెండోది 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది. కొవిడ్ ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించారు. ఆ రకం ఫైలులో 65,536 వరసలే పడతాయి. నిండిన తర్వాత వచ్చినవి రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. వాళ్లను కలిసినవాళ్లను వెతికే పని ఆలస్యమైంది.

మూడు కథల్లోనూ యంత్రం చెప్పింది చేసింది. తప్పు బయటపడిన దారులు గమనించండి. హెర్న్‌డన్‌కు ఫైలు చూసే అవకాశం దొరికింది. మా అత్త దగ్గర పాత పుస్తకం ఉంది. ఆమెకు విలుకప్ తెలియదు. కానీ సరిపోల్చడానికి ఒక కాగితం, అడగడానికి ధైర్యం ఉన్నాయి. నేను చేసింది ఆమె కనిపెట్టినదానికి కారణం వెతకడం మాత్రమే.

లెక్క చదివి వినిపించిన ఉదయం

ఫిబ్రవరి నుంచి మే వరకు ఎనిమిది బిల్లులు తిరిగి లెక్కగట్టాం. తగ్గింది లీటరుకు 30 పైసలు. మొత్తం 18,140 రూపాయలు. రోజుకు 25 లీటర్లు పోసే ఇంటికి దాదాపు 900. అత్తకు 144.

నిజం చెప్తాను. మొత్తం అంకె చూశాక నేను నాయనతో అన్న మాట ఇది: "వచ్చే బిల్లు నుంచి సరిచేద్దాం. పాతది ఎవరికీ తెలియదు కదా. అత్త ఒక్కదానికి ఇచ్చేద్దాం." జీఎస్ 4 కేస్ స్టడీల్లో నేను యాభైసార్లు దీనికి వ్యతిరేకంగా రాశాను. ప్రత్యామ్నాయాలు, లాభనష్టాలు, పారదర్శకత, జవాబుదారీతనం, అన్నీ కింద గీతలు గీసి మరీ. సొంత హాస్టల్ అద్దె అందులో ఉన్నప్పుడు నా పెన్ను ఇంకోవైపు తిరిగింది.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రేపు పొద్దున అందరూ వస్తారు కదా, చదివేస్తాం" అన్నాడు.

చదివాడు. పాలు పోయడానికి వచ్చినవాళ్లు వరసలో నిలబడి ఉండగా పేరు, రావలసింది, ఇచ్చింది, తేడా. ఒక్కొక్కరి దగ్గర పుస్తకంలో రాసిచ్చాడు. మూడు బిల్లుల్లో తీర్చేస్తానన్నాడు. ఒకరిద్దరు గట్టిగానే అడిగారు: "కొడుకు హైదరాబాదులో చదువుతున్నది మా పాల డబ్బులతోనా?" నాయన తల వంచుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. ఎక్కువమంది మాత్రం ఏమీ అనలేదు. చెప్పకపోతే మాకు తెలిసేదే కాదని ఒక పెద్దాయన అన్నాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిపారు. మస్టర్ రోల్‌లో ఉన్నది ఊరి ముందు పైకి చదివి, పనిచేసినవాళ్ల మాటతో సరిపోల్చడం వాటి పద్ధతి. నోట్సులో నేను దాన్ని "జవాబుదారీతనానికి ఉదాహరణ" అని ఒక్క లైను రాసుకున్నాను. చదివి వినిపించేవాడి గొంతు ఎలా ఉంటుందో ఆ ఉదయం విన్నాను.

వ్యాసంలో నేను మార్చి రాసింది

కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరూ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా? నా జవాబు: అవసరం పడినవాళ్లు ఎలాగూ నేర్చుకుంటున్నారు. పాలకేంద్రంలో, ఎరువుల దుకాణంలో, బడి హాజరు పట్టికల్లో, సచివాలయం మెట్ల మీద. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఫార్ములా అడిగితే క్షణంలో రాసిచ్చేది కూడా అందరి చేతిలో ఉంది. ఫార్ములా దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ఎందుకు పనిచేసిందో తెలియని ఫార్ములా దొరకడం మరీ సులభం. ఆ రాత్రి ఫోన్‌లో నేను ఇచ్చింది అలాంటిదే.

అందుకే ఏం నేర్పాలన్నదే అసలు ప్రశ్న. రాయడంతో పాటు సరిచూడటం నేర్పాలి. మా ఇంటి అనుభవంలోంచి నాలుగు మాటలు. యంత్రం తప్పు చూపిస్తే, దాన్ని కనపడకుండా చేసే ముందు కారణం అడగాలి. పరీక్షించేటప్పుడు చివరలే కాదు, రోజూ వాడే మధ్య విలువలు చూడాలి. కొత్త లెక్క మొదలుపెట్టినా ఒకటి రెండు బిల్లులు పాత లెక్క పక్కనే నడపాలి. మన లెక్క ఎవరి డబ్బును తేలుస్తుందో వాళ్లకు అర్థమయ్యే కాగితం వాళ్ల చేతిలో ఉండాలి. ఈ నాలుగూ అలాంటి 20 గంటల శిక్షణలో ఒక గంటలో చెప్పవచ్చు. రేపు మనలో ఎవరైనా ఒక మండలంలో కూర్చుంటే, పింఛను జాబితా, నష్టపరిహారం జాబితా ఇలాంటి ఫైలులోంచే వస్తాయి. "సిస్టమ్‌లో అలా వస్తోందమ్మా" అని చెప్పే ముందు మా అత్త రెండు పుస్తకాలు గుర్తుకు రావాలని నా కోరిక.

డబ్బు మూడు బిల్లుల్లో తీరిపోయింది. నేను మళ్లీ అశోక్‌నగర్ వచ్చాను, ఈసారి సాయంత్రాలు ఒక ట్యూషన్ చెప్తూ. అత్త 144 రూపాయలు లెక్కపెట్టుకుని నన్ను ఒకటే అడిగింది: "మరి చెక్క మూట డబ్బులు ఎవరిస్తారు అల్లుడా?" దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. నాయన మాత్రం ప్రతి బిల్లుకు ముందు పది ఇళ్ల లెక్క చేత్తో కట్టి, కంప్యూటర్ చెప్పిందానితో సరిచూస్తున్నాడు. మొదటిది అత్త పుస్తకం.

సాధన ప్రశ్న (జీఎస్ 4, 250 పదాలు): మీరు మండల స్థాయి అధికారి. పరిహారం జాబితా తయారు చేసిన ఫైలులో ఫార్ములా తప్పు వల్ల కొన్ని కుటుంబాలకు చిన్న మొత్తాలు తగ్గాయని, డబ్బు పంపిణీ అయ్యాక మీకు తెలిసింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఫార్ములా సరిచేసినది మీరే. ఏం చేస్తారు?